కారు చక్రాల లాక్ నట్టు కీ కనబడకపోతే: వెతకడం నుంచి విప్పడం దాకా

అలాయ్ చక్రాలున్న చాలా కార్లలో ఒక్కో చక్రానికి ఒక నట్టు మిగతావాటికన్నా వేరుగా ఉంటుంది. దాని తల ఆరు పలకలుగా ఉండదు. గుండ్రంగా, నున్నగా ఉండి, మధ్యలో పూరేకుల్లాగానో అలల్లాగానో ఒక గాడి ఉంటుంది. దానికి మామూలు వీల్ పానా పట్టదు. బొటనవేలంత ఉక్కు ముక్క ఒకటి కావాలి. దాని ఒక కొన ఆ గాడిలో సరిగ్గా కూర్చుంటుంది, రెండో కొన ఆరు పలకలుగా ఉండి పానాకు దొరుకుతుంది. దీన్నే లాక్ నట్ కీ అనీ, అడాప్టర్ అనీ, టైర్ల షాపుల్లో ఊరికే ‘లాక్ సాకెట్’ అనీ అంటారు. దొంగలు అలాయ్‌లు విప్పుకుపోకుండా పెట్టిన ఏర్పాటు ఇది. ఆ ముక్క పోతే మాత్రం సొంతదారుకు కూడా చక్రం ఊడదు.

ఇది పోయిందని తెలిసేది దాదాపు ఎప్పుడూ రెండు సందర్భాల్లోనే. ఒకటి, టైర్లు మార్చడానికి వెళ్లినప్పుడు. రెండోది, రాత్రిపూట రోడ్డు మీద పంక్చరైనప్పుడు. మొదటిది చికాకు మాత్రమే. రెండోదాంట్లోనే జనం తొందరపడి చక్రాన్నీ, అది బిగిసే హబ్‌నూ పాడుచేసుకుంటారు. అందుకని ముందు దాని సంగతి.

రోడ్డు మీద ఉన్నారా? చక్రం విప్పక్కర్లేదు

నల్లగొండ దాటాక విజయవాడ హైవే మీద టైరు మెత్తబడిందనుకోండి. డిక్కీలో స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, కీ లేదు. ఇలాంటప్పుడు మనసు నట్టు మీదకే పోతుంది, దాన్ని ఎలా ఊడగొట్టాలా అని. అసలు సమస్య నట్టు కాదు, గాలి. ఇప్పటి కార్లవి ట్యూబ్‌లెస్ టైర్లు. మేకు దిగింది రోడ్డుకు ఆనే భాగంలోనే అయితే చక్రం కారుకే ఉంచి పంక్చర్ వేయొచ్చు.

ముందు కారును రోడ్డు పక్కకు, గట్టి నేల మీదకు తీసి, హజార్డ్ లైట్లు వేసి, వెనక ట్రయాంగిల్ పెట్టండి. ముందు చక్రమైతే స్టీరింగ్‌ను ఒకవైపు పూర్తిగా తిప్పితే టైరు మొహం బయటికి వస్తుంది. వెనక చక్రమైతే కారును కొద్దికొద్దిగా ముందుకు జరుపుతూ మేకున్న చోటు చేతికందే ఎత్తుకు వచ్చేదాకా చూడండి. మేకు పీకాక రంధ్రంలో ముల్లులాంటి ఆకురాయి పెట్టి గరుకు చేయాలి. తర్వాత సూదికి రబ్బరు స్ట్రిప్పు ఎక్కించి లోపలికి తోసి, సూదిని మాత్రం గట్టిగా వెనక్కి లాగాలి. పైకి మిగిలిన తోకలు కత్తిరించి గాలి కొట్టండి. సబ్బు నీళ్లు లేకపోతే తాగే నీళ్లలో కాస్త షాంపూ కలిపి పోయండి. బుడగలు రాకపోతే బయల్దేరవచ్చు. చేతకాకపోయినా ఫరవాలేదు, పంక్చర్ షాపు కుర్రాణ్ణి సామాను పట్టుకుని కారు దగ్గరికి రమ్మంటే వస్తాడు. ఫోన్‌లోనే ‘చక్రం ఊడదు తమ్ముడూ, బండి మీదే వేయాలి’ అని ముందుగా చెప్పండి. లేకపోతే జాకీ, పానా మాత్రం పట్టుకొస్తాడు.

గాలి మెల్లగా దిగుతోందంటే ఇంకా సులువు. సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలించే చిన్న పంపు ఉంటే గాలి నింపుకుంటూ తర్వాతి ఊరి దాకా వెళ్లిపోవచ్చు. పూర్తిగా కూర్చున్న టైరు మీద మాత్రం నడపకండి. కొద్ది దూరానికే టైరు పక్క గోడ నలిగిపోయి, పంక్చర్‌తో పోయేది కొత్త టైరు దాకా వస్తుంది.

టైరు పక్క గోడే చిరిగితే ఈ రబ్బరు స్ట్రిప్పు పనికిరాదు. అప్పుడు కారును బండి మీదకెక్కించి తీసుకెళ్లాలి. ఇన్సూరెన్స్‌తోపాటు రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకుని ఉంటే ఆ నంబరుకు చేయండి. జాతీయ రహదారి మీదైతే 1033 ఉంది. అడిగేటప్పుడు ‘టైరు మార్చడానికి మనిషిని పంపండి’ అనకండి, ఆ మనిషి వచ్చి లాక్ నట్టు చూసి వెళ్లిపోతాడు. ‘ఫ్లాట్‌బెడ్ కావాలి, చక్రం విప్పడానికి లాక్ కీ లేదు’ అని చెప్పండి.

చీకట్లో, రోడ్డు పక్కన, సుత్తితో లాక్ నట్టు మీద ప్రయోగాలకు ఎవరినీ ఒప్పుకోకండి. ‘ఐదు నిమిషాల్లో ఊడగొడతా సార్’ అనేవాడు ఒకడు ఎప్పుడూ దొరుకుతాడు. గాడి ఒకసారి అరిగిందంటే రేపు అసలు కీ దొరికినా పట్టదు.

ఇంట్లో ఉన్నారా? ముందు వెతకండి, గట్టిగా

కీ చాలాసార్లు నిజంగా పోయి ఉండదు. అది చిన్నది, నల్లటిది, తరచూ ఒక చిన్న ప్లాస్టిక్ సంచిలో ఉంటుంది. పైగా దాన్ని పెట్టింది మీరు కాదు, ఎప్పుడో ఎవరో మెకానిక్.

డిక్కీలో మ్యాట్ ఎత్తి, స్టెప్నీ బయటికి తీసి, దాని కింద గుంటలో చేత్తో తడమండి. జాకీ, పానా కూర్చునే థర్మోకోల్ ట్రే ఉంటే దాన్ని కూడా బయటికి తీసి తిరగేయండి. ఈ ముక్క కోసం అందులో చాలాసార్లు ప్రత్యేకంగా ఒక గుంట ఉంటుంది, అది నిండి ఉన్నా ఖాళీగా ఉన్నా ఒక సమాచారమే. తర్వాత గ్లవ్ బాక్స్, ఓనర్స్ మాన్యువల్ సంచి, రెండు సీట్ల మధ్య ఆర్మ్‌రెస్ట్ కింద అర, డోర్ల జేబులు, సీట్ల కింద, డిక్కీ పక్క అరలు. మాన్యువల్ సంచి తెరిచారు కాబట్టి అందులో కోడ్ రాసిన చిన్న కార్డుగానీ స్టిక్కర్‌గానీ ఉందేమో కూడా చూసి పక్కన పెట్టుకోండి. కీ దొరక్కపోతే అదే దారి.

ఇంకోచోటు ఎవరికీ తట్టదు: చక్రాలు. నాలుగో చక్రం బిగించాక కీని నట్టుకే వదిలేసి బండి అప్పగించడం వర్క్‌షాపుల్లో మామూలే. నాలుగు చక్రాలూ టార్చి వేసి చూడండి. అది అదృష్టం బాగుంటేనే లెండి, పది కిలోమీటర్లు తిరిగాక ఎక్కడో రాలిపోతుంది.

ఇక చివరిసారి చక్రం ఊడదీసింది ఎవరో గుర్తుచేసుకోండి. పాత బిల్లులు తీయండి. వీల్ బ్యాలెన్సింగ్, టైర్ రొటేషన్, బ్రేక్ ప్యాడ్లు, పంక్చర్ అనే మాటలు ఏ బిల్లులో ఉన్నాయో అదే చివరి చోటు. ఉత్త అలైన్‌మెంట్ బిల్లును లెక్కలోకి తీసుకోనక్కర్లేదు, దానికి చక్రం విప్పరు. ఫోన్ చేసి ‘నా లాక్ కీ ఉందా’ అంటే ‘లేదు సార్’ అనేస్తారు, వెతికే తీరిక వాళ్లకు ఉండదు. మీరే వెళ్లండి. వెళ్లి, ‘అన్నా, మొన్న బ్యాలెన్సింగ్ చేసినప్పుడు లాక్ సాకెట్ గన్నులోనే ఉండిపోయిందేమో, ఒకసారి సాకెట్ల ట్రే చూద్దామా’ అని అడగండి. ఇలా దొరికే కీలు ఎక్కువగా ఎయిర్ గన్ను మూతికి బిగిసిపోయిన సాకెట్ లోపలో, లేదా ఎవరివో తెలియని కీలన్నీ పడేసిన డబ్బాలోనో ఉంటాయి. ఆ డబ్బాలో పది కీలుంటే పదీ మీ నట్టుకు ఆనించి చూడండి. మీది కానిది అరక్షణంలో తెలిసిపోతుంది, లోపలికి దిగనే దిగదు. అటూఇటూ ఊగుతూ దిగేది కూడా మీది కాదు, దాన్ని తిప్పొద్దు.

సెకండ్ హ్యాండ్ కారైతే పాత ఓనర్‌కు ఒక మెసేజ్ పెట్టండి. వాళ్ల పాత టూల్స్ డబ్బాలో ఉండే అవకాశం లేకపోలేదు.

కోడ్ పట్టుకుని కొత్త కీ తెప్పించడం

ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడి కార్లలో ఈ కీ మీద చిన్న కోడ్ ఒకటి చెక్కి ఉంటుంది. ఆ కోడ్ చెబితే డీలర్ దగ్గర అదే నమూనా కొత్తది తెప్పించుకోవచ్చు. కోడ్ తెలియకపోయినా, అధీకృత వర్క్‌షాపుల కోసం ఆ కంపెనీ నమూనాలన్నీ కలిపిన సెట్టు ఒకటి ఉంటుంది. ఒక్కొక్కటే ఆనించి చూసి, సరిపోయినదాని నంబరుతో ఆర్డర్ పెడతారు. కారు తీసుకెళ్లాలి, ఆర్‌సీ, మీ గుర్తింపు కార్డు కూడా పట్టుకెళ్లండి. అడిగినవాళ్లందరికీ ఇచ్చేస్తే ఇక తాళం దేనికి? అన్ని షోరూముల్లో ఆ సెట్టు ఉండదు కాబట్టి, వెళ్లేముందు సర్వీస్ అడ్వైజర్‌తో ఫోన్‌లో ఖాయం చేసుకోండి.

ఈ కార్లలో ఇంకో తికమక ఉంది. నట్ల బదులు ఉండే బోల్టుల మీద నల్ల ప్లాస్టిక్ టోపీలు ఉండటంవల్ల లాక్ ఉన్న సంగతే చాలామందికి తెలియదు. లాక్ బోల్టు టోపీ మిగతావాటికన్నా కాస్త వేరుగా ఉంటుంది. టూల్స్‌లో ఉండే తీగ కొక్కెంతో టోపీలన్నీ లాగి చూడండి.

యాక్సెసరీ షాపులో కొనుక్కుని బిగించుకున్న లాక్ నట్లైతే, డబ్బాలో వచ్చిన కార్డు మీదే కోడ్ ఉంటుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది బాగా పనికొచ్చే సంగతి. అక్కడ చాలా కార్లకు మెక్‌గార్డ్ కంపెనీ లాకులు వస్తాయి. ఆ కోడ్ ఉంటే కంపెనీకే ఆర్డర్ పెట్టి కీ తెప్పించుకోవచ్చు. సెకండ్ హ్యాండ్ కారు కొన్న విద్యార్థులు గ్లవ్ బాక్స్‌లోని కాగితాలు పారేసేముందు ఒకసారి చూడాలి.

కార్డూ లేదు, కోడూ లేదంటే నట్టు మొహాన్ని పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేసి, ఎదురుగా నిటారుగా ఫొటో తీయండి. పక్కన స్కేలు పెట్టి ఇంకో ఫొటో. అదే బ్రాండు అమ్మే షాపులో చూపిస్తే గుర్తుపట్టే వీలుంటుంది.

కీ రాదని తేలిపోతే: విప్పించడం

ఇది టైర్ల షాపులో, పగటిపూట, కారు నేల మీద నిలబడి ఉండగా జరగాల్సిన పని. మీరు పక్కన నిలబడండి. సొంతంగా చేసేవాళ్లు ఉన్నారు, సామాను ఉంటే తప్పేం లేదు. వరుస మాత్రం ఇదే.

మొదట లాక్ నట్టు బయటి అంచు నున్నగా, కదలకుండా ఉందా, లేక చుట్టూ వేరే రింగు ఒకటి ఊరికే గిర్రున తిరుగుతోందా చూడండి. తిరిగే రింగు ఉన్నవాటికి బయటి నుంచి ఏది కొట్టినా రింగే తిరుగుతుంది, నట్టు తిరగదు. వాటిని ప్రత్యేకమైన టూలున్న చోటికే తీసుకెళ్లండి. నున్నటిదైతే పని సులువు.

దానికి వాడేది ట్విస్ట్ సాకెట్. లోపల ఎడమవైపు తిరిగే మరలు పదునుగా కోసి ఉంటాయి. నట్టు బయటి అంచు కంటే కొంచెం చిన్న సైజు ఎంచుకుని సుత్తితో దిగ్గొడతారు. విప్పే దిశలో తిప్పేకొద్దీ ఆ మరలు ఉక్కును ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. షాపులో అది లేకపోతే పన్నెండు మూలల మామూలు సాకెట్‌ను దిగ్గొట్టి తీస్తారు. అదీ పనిచేస్తుంది, కాకపోతే జారే ప్రమాదం ఎక్కువ. రెండింటికీ ఒక షరతు ఉంది: అలాయ్‌లో నట్టు కూర్చున్న గుంటలో సాకెట్ మందం పట్టేంత చోటు ఉండాలి. కొన్ని అలాయ్‌ల్లో ఉండదు. ముందుగా కొలిచి చూడాలి, కొట్టాక కాదు.

కారును ఫస్ట్ గేర్‌లో పెట్టి (ఆటోమేటిక్ అయితే పీలో), హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు పెట్టండి. జాకీ వద్దు, టైరు నేల మీదే ఉండాలి. గుంట అంచుకు రెండు వరసల టేపు అంటిస్తే పెయింటు లేవదు. ఇప్పుడు ఆ చక్రానికే ఉన్న మిగతా నట్లను ఇంకొక్క రవ్వ బిగించండి. విప్పబోతూ బిగించడమేమిటి అనిపిస్తుంది. వాటిని బిగిస్తే చక్రాన్ని పట్టుకునే బరువు వాటి మీదకు పోతుంది, లాక్ నట్టు మీద ఒత్తిడి తగ్గి అది తేలిగ్గా వదులుతుంది. చాలామంది దీనికి తిరగేసి చేస్తారు. మిగతావన్నీ ముందే విప్పేసి బరువంతా లాక్ నట్టు మీద పెట్టి, తర్వాత అది రాలేదని తలపట్టుకుంటారు.

తుప్పు కనబడితే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పావుగంట ఆగండి. ఆ తర్వాత సాకెట్‌ను నిటారుగా పెట్టి బరువైన సుత్తితో నాలుగైదు గట్టి దెబ్బలు. చిన్న సుత్తితో యాభై దెబ్బలు కొట్టడం కన్నా ఇదే మేలు, చక్రం బేరింగ్‌కు అన్ని దెబ్బలు మంచివి కావు. సాకెట్ అడుగుదాకా దిగిందని శబ్దమే చెబుతుంది. దిగుతున్నంతసేపూ మొద్దుగా మోగే దెబ్బ, కూర్చోగానే ఖణేల్‌మని మారుతుంది. పొడుగాటి బ్రేకర్ బార్ తగిలించి నిదానంగా ఒకే ఒత్తిడితో ఎడమకు లాగండి. కుదుపులు వద్దు. ‘టక్’మని ఒక శబ్దం వస్తుంది, వదిలిందన్నమాట. నట్టు విరిగిన శబ్దం కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది కాబట్టి ఆ తర్వాత పావు తిప్పు చాలా మెల్లగా తిప్పి చూడండి. బిగువు సమంగా తగ్గుతూ వస్తే క్షేమం.

సాకెట్‌లో ఇరుక్కున్న నట్టును వెనక చదరపు రంధ్రంలోంచి పంచ్ పెట్టి కొడితే బయటికొస్తుంది. అదే సాకెట్‌తో మిగతా మూడూ తీసేయండి. ఒక్కటి తీసి ఊరుకుంటే రేపు ఇంకో చక్రం దగ్గర మళ్లీ ఇదే తంతు.

ట్విస్ట్ సాకెట్‌కు లొంగనివి కొన్ని ఉంటాయి. అప్పుడు షాపువాళ్లు రెండు మార్గాలు చెబుతారు. మొదటిది వెల్డింగ్: లాక్ మీద మామూలు నట్టు ఒకటి అతికించి పానాతో తిప్పడం. దీనికి ఒప్పుకోకండి. టైరు ఉన్న చక్రానికి వేడి తగిలితే లోపల రబ్బరు మాడి మండే వాయువులు పుట్టొచ్చు, టైరు పేలొచ్చు. మంట తీసేసిన కొంతసేపటికి కూడా పేలే ప్రమాదం ఉంటుంది. అలాయ్ పెయింటు, బేరింగ్ గ్రీజు, ఏబీఎస్ సెన్సార్ వైరు సంగతి సరేసరి. రెండోది డ్రిల్లింగ్. ఇది నిదానమైన పని, లాక్ తలలు గట్టి ఉక్కువి కావడంవల్ల మామూలు బిట్లు మొద్దుబారిపోతాయి, కోబాల్ట్ బిట్లు కావాలి. కానీ పద్ధతి తెలిసినవాడి చేతిలో ఇది భద్రమైనదే. యూరప్ కార్లలో ఉండే బోల్టు తలను తొలిచేస్తే తల ఊడి చక్రం బయటికొస్తుంది. బిగువు పోయింది కాబట్టి హబ్‌లో మిగిలిన మొండాన్ని ప్లయర్‌తో పట్టి తిప్పితే చాలాసార్లు వచ్చేస్తుంది. మారుతి, హ్యుందాయ్, టొయోటా, హోండాల్లో హబ్‌కు స్టడ్డులు ఉంటాయి, నట్టు దాని మీద బిగుస్తుంది. అక్కడ స్టడ్డు విరిగినా కంగారు పడనక్కర్లేదు, పాతది కొట్టి తీసి కొత్తది ఎక్కిస్తారు.

పని మొదలుపెట్టక ముందే నట్టుకింత అని రేటు మాట్లాడుకోండి. అలాయ్ గీరుకుపోతే ఎవరిదో కూడా అప్పుడే మాట్లాడుకోవాలి.

వాటి చోట ఏం బిగించాలి

మళ్లీ లాక్ నట్లేనా? కారు రాత్రిళ్లు ఇంటి గేటు లోపలో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో ఉంటే నా సలహా మామూలు నట్లే. పెద్ద సైజు ఖరీదైన అలాయ్‌లతో వీధిలో నిలిపే కారుకైతే లాకులు ఉండాలి. ఆ ట్విస్ట్ సాకెట్ దొంగ దగ్గరా ఉంటుందన్న మాట నిజమే. అయినా సుత్తి చప్పుడుకు భయపడేవాడే ఎక్కువ.

ఏవి కొన్నా సరిపోయేవి కొనాలి, ఇక్కడే కొంచెం ఆగి చూడాలి. మారుతి స్టడ్డుల మర 12 మిల్లీమీటర్లు, పిచ్ (ఒక మరకూ పక్క మరకూ మధ్య దూరం) 1.25. హోండా, హ్యుందాయ్, టొయోటా కార్లలో అదే 12కు పిచ్ 1.5. చూపుకు రెండూ ఒక్కటే. తప్పు నట్టు ఒకటి రెండు తిప్పులు ఎక్కి ఆగిపోతుంది. అప్పుడు గన్ను పెట్టి నొక్కితే మరలు పోతాయి. అందుకని ఏ నట్టయినా మొదటి ఐదారు తిప్పులు వేళ్లతోనే ఎక్కాలి. రెండోది, నట్టు కూర్చునే అంచు. అది కోను ఆకారంలోనో, బంతిలా గుండ్రంగానో, బల్లపరుపుగానో ఉంటుంది. కారుతో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ చక్రాలకు గుండ్రటి అంచు బోల్టులు, బయట కొన్న అలాయ్‌లకు ఎక్కువగా కోను అంచువి. అంటే బోల్టును కారును బట్టి కాదు, చక్రాన్ని బట్టి కొనాలి. అంచు కలవని బోల్టు బిగిసినట్టే ఉండి దారిలో వదులవుతుంది. బోల్టు పొడవు కూడా పాతదాని పక్కన పెట్టి చూసుకోండి.

బిగించడానికి టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నదీ చూపే పానా) వాడమనండి. ఫోక్స్‌వ్యాగన్ పోలో వంటి వాటికి 120 న్యూటన్ మీటర్లు, హోండాకు 108, టొయోటాకు 103, కొత్త హ్యుందాయ్‌లకు 107 నుంచి 127. మీ కారు సంఖ్య మాన్యువల్‌లో ఉంటుంది. అడుగు పొడవున్న పానా కొనను నలభై కిలోల బలంతో నొక్కితే 120 వస్తుంది. డెబ్భై కిలోల మనిషి దాని మీదెక్కి నిలబడితే రెండు వందలు దాటుతుంది. రోడ్డు పక్క మన కళ్లముందు రోజూ జరిగేది ఈ రెండోదే. లాక్ కీలు విరిగేదీ, గాళ్లు అరిగేదీ ఎక్కువగా ఇలాంటి బిగింపువల్లే, దానికి తోడు కీని ఎయిర్ గన్నుకు తగిలించి దడదడలాడించడంవల్ల. మళ్లీ లాకులే పెట్టించుకుంటే, వాటిని విప్పడం, బిగించడం చేత్తోనే చేయమని ప్రతిసారీ చెప్పాల్సి ఉంటుంది.

కొత్త కీ చేతికి రాగానే దాని కోడ్ ఫొటో తీసి ఆర్‌సీ ఫొటో పక్కనే ఫోన్‌లో దాచండి. కీని మాత్రం కారులోనే, పానాతోపాటు ఉంచండి. ఇంట్లో బీరువాలో భద్రంగా ఉన్న కీ సూర్యాపేట దగ్గర పంక్చరైతే ఏం పనికొస్తుంది? సర్వీసుకు ఇచ్చేటప్పుడు జాబ్ కార్డులో ‘లాక్ నట్ కీ ఇచ్చాను’ అని రాయించండి. కారు తీసుకునేటప్పుడు తాళం చెవులకన్నా ముందు దాన్ని అడగండి. సెకండ్ హ్యాండ్ కారు బేరమాడుతుంటే స్టెప్నీ, జాకీ చూపించమన్నప్పుడే ఇదీ చూపించమనండి. లేదంటే విప్పించే ఖర్చు ధరలో తగ్గించమనొచ్చు.

నట్లు మార్చాక ఎనభై, వంద కిలోమీటర్లు తిరిగి, చక్రాలు చల్లారాక టార్క్ రెంచ్‌తో పదహారో ఇరవయ్యో ఎన్ని ఉంటే అన్నీ ఇంకోసారి సరిచూడండి.